తక్కువ జీతానికి ఒప్పుకుని సంతకం పెట్టాక కనీస వేతనం అడగొచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. రెండేళ్లుగా బట్టల షాపులో సేల్స్ గర్ల్‌గా చేస్తున్నాను. ఉదయం పదింటికి వెళ్తే రాత్రి తొమ్మిదింటికి వదులుతారు. మధ్యలో గంటసేపు భోజనానికి, వారానికి ఒక సెలవు. నెలకు 9,000 రూపాయలు చేతికిస్తారు. కనీస వేతనం ఇంతకన్నా ఎక్కువని తెలిసి అడిగాను. "చేరేటప్పుడే స్టాంపు పేపరు మీద ఒప్పుకున్నావు. మన మధ్య ప్రభుత్వానికేం పని? అంత ఇస్తే షాపు మూసుకోవాల్సిందే" అంటున్నారు. ఆ కాగితం చెల్లుతుందా? గట్టిగా అడిగితే తీసేస్తారా? – ఒక పాఠకురాలు

జవాబు: ఆ స్టాంపు పేపరు చెల్లదు. చట్టం ఇచ్చిన వేతనాన్ని ఉద్యోగి వదులుకుంటున్నట్టు రాసుకున్న ఏ ఒప్పందమైనా చెల్లదని కేంద్ర చట్టం అయిన వేతనాల కోడ్-2019 సెక్షన్ 60 చెబుతోంది. 1948 నాటి కనీస వేతనాల చట్టంలోనూ సెక్షన్ 25 ఇదే మాట చెప్పింది. ఆ పాత చట్టం స్థానంలో కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. కనీస వేతన రేట్లు ప్రకటించిన పాత నోటిఫికేషన్లు, కోడ్‌కు విరుద్ధం కానంత వరకు, సెక్షన్ 69 కింద కొనసాగుతాయి.

ప్రభుత్వానికేం పని అన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు ఎప్పుడో జవాబిచ్చింది. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన వెట్టితో సమానమని 1982 నాటి ఏషియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణాల) కార్మికుల కేసులో, 1983లో సంజిత్ రాయ్ కేసులో తేల్చింది. పూట గడవని మనిషి ఎంతకైనా ఒప్పుకుంటాడు. అది స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి కాదన్నదే ఆ తీర్పుల సారం. ఇక షాపు మూసుకోవాలన్న మాట. కేరళ పెంకుల పరిశ్రమ యజమానులు ఇదే వాదన తెస్తే, కనీస వేతనం నిర్ణయించేటప్పుడు యజమాని స్తోమత చూడక్కర్లేదని 1961లో ఉనిచోయి కేసులో కోర్టు తోసిపుచ్చింది. వేతనం పెంచితే ఉద్యోగాలు పోతాయా అన్న చర్చకు చోటు లేదని కాదు. కనీస వేతన రేట్ల ముసాయిదా నోటిఫికేషన్ వచ్చినప్పుడు అభ్యంతరాలు చెప్పొచ్చు, ఆ రేట్లపై ప్రభుత్వానికి సలహా ఇచ్చే మండలిలో యజమానుల ప్రతినిధులూ కార్మికులతో సమాన సంఖ్యలో ఉంటారు. రేటు ఖరారయ్యాక మాత్రం ఒక్కో షాపులో ఒక్కో బేరం కుదరదు.

ముందు మీకు రావాల్సింది ఎంతో తేల్చుకోండి. రాష్ట్ర కార్మిక శాఖ నోటిఫికేషన్‌లో షాపుల విభాగం, మీ ఊరు ఏ జోన్‌లోకి వస్తుంది, మీ పని ఏ కేటగిరీ అన్నవి చూడాలి. మూల వేతనానికి కరువు భత్యం కలుపుకోవాలి. అది ధరల సూచీని బట్టి ఏప్రిల్ 1న, అక్టోబరు 1న మారుతుంది. చాలామంది మూల వేతనం ఒక్కటే చూసి మోసపోతారు. సేల్స్ మీద ఇచ్చే కమిషన్‌నూ, ఓవర్‌టైమ్ డబ్బునూ ఇందులో కలిపి చూపిస్తే ఒప్పుకోవద్దు.

లెక్క తెలియడం కోసం మాత్రమే, మీ కేటగిరీకి నెలకు 13,000 ఉందనుకుందాం. 26తో భాగిస్తే రోజుకు 500, 8తో భాగిస్తే గంటకు 62.50. ఓవర్‌టైమ్‌కు రెట్టింపు, అంటే గంటకు 125. మీరు వారానికి 60 గంటలు చేస్తున్నారు, 48 దాటిన 12 గంటలు ఓవర్‌టైమే. సగటున నెలకు 52 గంటలు, 6,500 రూపాయలు. జీతంలో తగ్గిన 4,000 కలిపితే నెలకు 10,500 బాకీ. ఓవర్‌టైమ్ బాకీ జీతం తేడాకన్నా పెద్దదైనా చాలా దరఖాస్తుల్లో దాని ఊసే ఉండదు!

సాక్ష్యం ఇప్పటి నుంచే కూడబెట్టండి. ఐడీ కార్డు, డ్యూటీ వేళలు పెట్టే వాట్సాప్ గ్రూపు మెసేజ్‌లు, జీతం అందిన ఫోన్‌పే వివరాలు, ఈఎస్ఐ నంబరు, పీఎఫ్ పాస్‌బుక్ అన్నీ పనికొస్తాయి. పాస్‌బుక్‌లో 13,000 జీతమని చూపి మీకు 9,000 ఇస్తుంటే అంతకన్నా బలమైన కాగితం ఉండదు. పూర్తి వేతనం రాసిన రిజిస్టరు మీద సంతకం పెట్టించుకుంటే మాత్రం అదే యజమాని చేతిలో ఆయుధం. సంతకం పక్కన అందిన మొత్తం రాయండి, కుదరకపోతే ఆ పేజీ ఫోటో తీసుకోండి. జీతం చెల్లించానని రుజువు చేసే భారం కోడ్ సెక్షన్ 59 ప్రకారం యజమానిదే. అయితే ఆ షాపులో పనిచేస్తున్నట్టు ముందు మీరు చూపాలి.

అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఆ ఫిర్యాదు మీద షాపులో జరిగే తనిఖీ వేరు, మీ బాకీ వసూలు వేరు. తనిఖీతో ఆగిపోతే డబ్బు రాదు, కోడ్ సెక్షన్ 45 కింద క్లెయిమ్ వేయాల్సిందే. ఏ అధికారి ముందు వేయాలో అసిస్టెంట్ లేబర్ కమిషనర్ ఆఫీసులో చెబుతారు. మీరే వేయొచ్చు, రిజిస్టరైన యూనియన్ ద్వారానైనా వేయొచ్చు. బాకీతో పాటు దానికి పది రెట్ల వరకు పరిహారం ఇప్పించే అధికారం క్లెయిమ్ విచారించే అధికారికి ఉంది. గడువు మూడేళ్లు. అయితే పాత చట్టంలో గడువు ఆరు నెలలే కాబట్టి, 2025 నవంబరుకు ముందు నెలల మీద అభ్యంతరం రావచ్చు. ఆలస్యం మన్నించాలని కారణాలతో విడిగా దరఖాస్తు జతచేయండి. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. ఫోన్ 15100.

రాజీకి పిలిస్తే వెళ్లండి. కానీ నెలవారీ లెక్క లేకుండా "మొత్తం ముట్టింది" అని రాసిన రసీదు మీద సంతకం చేయొద్దు.

తీసేస్తారన్న భయం గురించి. ఆరు నెలలు దాటి పనిచేసిన వారిని సరైన కారణం, నెల ముందు నోటీసు లేదా నెల జీతం లేకుండా తీసేయడానికి ఆంధ్రప్రదేశ్ షాపుల చట్టం-1988 సెక్షన్ 47 ఒప్పుకోదు. తీసేస్తే రెండు పని దినాల్లో బాకీలన్నీ చెల్లించాలి. ఫిర్యాదు ముందే నమోదై ఉంటే, తీసేసిన కారణం అదేనని చూపడం సులువవుతుంది. ఇద్దరు ముగ్గురు కలిసి ఇస్తే ఇంకా మంచిది.

యజమానులకు ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందంటే, పాత చట్టంలో జరిమానా 500 రూపాయలే. ఆరు నెలల జైలు రాసి ఉన్నా, అంత చిన్న జరిమానా ఉంటే ఎవరు లెక్కచేస్తారు? ఇప్పుడు తక్కువ చెల్లిస్తే 50,000 వరకు జరిమానా, శిక్ష పడ్డ ఐదేళ్లలో మళ్లీ అదే చేస్తే మూడు నెలల వరకు జైలు లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ.