యానిమేషన్ వీడియోలతో ఇంగ్లీష్ గ్రామర్, పోయెమ్స్ పిల్లలకు నిజంగా వస్తాయా?

ఎనిమిదో తరగతి చదివే మీ అమ్మాయికి గ్రామర్, పోయెమ్స్ కోసం డబ్బు కట్టి యానిమేషన్ పాఠాల యాప్ తీసుకోవాలా అని అడిగారు. నేను పార్వతీపురం వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీష్ చెప్తాను. మా తరగతి గది గోడకు పెద్ద టచ్ ప్యానెల్ ఉంది, రోజూ వాడతాను. నా అనుభవంలో గ్రామర్‌కి ఇలాంటి వీడియోలు బ్రహ్మాండంగా పనికొస్తాయి. పోయెమ్‌కి మాత్రం ముందే వీడియో పెట్టారంటే ఆ పద్యం చచ్చినట్టే.

మనం "కుక్క పిల్లాణ్ణి కరిచింది" అన్నా, "పిల్లాణ్ణి కుక్క కరిచింది" అన్నా కరిచింది కుక్కే. ఇంగ్లీషులో "ద డాగ్ బిట్ ద బాయ్" అనే వాక్యంలో ఆ రెండూ అటూ ఇటూ అయ్యాయంటే పిల్లాడే కుక్కను కరుస్తాడు. బోర్డు మీద బాణాలు గీసి ఎంత చెప్పినా కొందరికి ఇది ఎక్కదు. అదే తెర మీద మాటలు చోటు మారిన మరుక్షణం కింద బొమ్మలో పిల్లాడు కుక్క వెంట పడితే క్లాసంతా గొల్లుమంటుంది, ఇక జన్మలో మర్చిపోరు. ప్రిపోజిషన్లూ అంతే. నెత్తి మీద టోపీ అంటాం, నెత్తి మీద ఫ్యాను అనీ అంటాం. ఇంగ్లీషులో టోపీకి ఆన్, ఫ్యానుకి ఓవర్. టోపీ తలకు తగలడం, ఫ్యాను తగలకుండా తిరగడం కళ్ళతో చూస్తే చాలు, నిర్వచనం అక్కర్లేదు.

ఇది కొత్త సంగతేమీ కాదు. అమెరికాలో 1973లోనే ఏబీసీ టీవీలో శనివారం ఉదయం కార్టూన్ల మధ్య 'స్కూల్‌హౌస్ రాక్' అని చిన్న చిన్న పాటలు వేసేవారు. ప్రకటనల కంపెనీ నడిపే ఒకాయన, తన కొడుక్కి ఎక్కాలు రావు గానీ రాక్ పాటలు మాత్రం నోటికొచ్చని గమనించడంతో మొదలైంది అది. కంజంక్షన్ అంటే, అదే, అండ్, బట్ లాంటి కలిపే మాట అంటే ఏమిటో రైలు పెట్టెలు ఒకదానికొకటి తగిలించి చూపించారు. మన దగ్గర తయారయ్యేవాటిలో చాలా వరకు కార్టూన్ టీచరమ్మ కార్టూన్ బోర్డు ముందు నిలబడి డెఫినిషన్ చదువుతుంది. దానికి యానిమేషన్ ఎందుకండీ, నేను లేనా? పైగా వీడియో ఉంది కదా అని టీచర్లను ప్రభుత్వ యాప్‌లలో ఫొటోలు ఎక్కించే పనికి కూర్చోబెడితే, పిల్లల అనుమానం ఎవరు తీర్చాలి?

ఇక పోయెమ్స్. ఇంగ్లీషు కవి టెన్నిసన్ 1855లో అచ్చేసిన 'ద బ్రూక్' చెప్తున్నాను, ఏరు తన ప్రయాణాన్ని తానే చెప్పుకునే పద్యం. వీడియోలో నీలం నీళ్ళు, బాతులు, వెనక ఆగకుండా పియానో. ఆ రోజు ప్యానెల్ స్పీకర్ మొరాయించింది. బొమ్మ నడుస్తోంది, మాట లేదు. వెనక బెంచీ కుర్రాడొకడు పుస్తకం తీసి, సినిమాకి డబ్బింగ్ చెప్పినట్టు పైకి చదవడం మొదలుపెట్టాడు. "ఆగరా, నీళ్ళు అప్పుడే కిందికొచ్చేశాయి" అని ముందు వరస ఆడపిల్లలు అరిచారు. మళ్ళీ మొదట్నుంచి వేశాను. కొండ దిగే చోట గబగబా, చదునులో నెమ్మదిగా, వాళ్ళే వేగం కుదుర్చుకున్నారు. రాళ్ళ మీద పారే చోట చాటర్, బబుల్, బ్యాబుల్ అనే గలగల మాటలు వస్తాయి. అక్కడ ఒకమ్మాయి ఆగి, "మేడం, మా గెడ్డ కూడా రాళ్ళ దగ్గర ఇలాగే మాట్లాడుతుంది" అంది. గెడ్డ అంటే మా వైపు ఏరు. మనుషులు వస్తారు పోతారు, నేను మాత్రం సాగుతూనే ఉంటాను అనే పాదాలు మాటిమాటికీ తిరిగి వస్తుంటే, ఇది వేమన పద్యానికి మకుటం లాంటిదే కదా అని ఇంకొకడు పట్టేశాడు. అక్కణ్ణుంచి ఆ పాదాలు వచ్చినప్పుడల్లా క్లాసంతా గొంతు కలిపింది, పక్క గదిలో లెక్కల మాస్టారు వచ్చి తొంగి చూసేంత గట్టిగా.

స్పీకర్ పని చేసి ఉంటే ఇందులో ఒక్కటీ జరిగేది కాదని నా గట్టి నమ్మకం. పద్యాన్ని రాగం తీసి చదువుకున్న జాతి మనది. పద్యం చెవి నుంచే లోపలికి వెళ్తుంది, దాని మీద పియానో పోస్తే ఇంకేం వినబడుతుంది? బొమ్మ ముందే చూపిస్తే ఆ అమ్మాయి మనసులో గెడ్డకి చోటెక్కడ, ఎవరో గీసిన నీలం నీళ్ళే ఉంటాయి.

యాప్ సంగతికొస్తే, డబ్బు కట్టే ముందు వాళ్ళు ఉచితంగా చూపించే గ్రామర్ వీడియో ఒకటి సౌండ్ తీసేసి మీరే చూడండి. బొమ్మతోనే విషయం తెలిసిందా, కొనండి. టీచరమ్మ పెదాలు మాత్రమే కదులుతుంటే ఆ డబ్బుతో మంచి డిక్షనరీ కొనివ్వండి. పోయెమ్ వీడియోలు మాత్రం, అమ్మాయి పద్యాన్ని రెండు మూడుసార్లు పైకి చదివి తనకేం కనబడిందో మీకు చెప్పాకే పెట్టండి.