వేడెక్కాక ఆగిపోయే బైక్: ఎగ్జాస్ట్ వాల్వ్ పట్టేస్తోందా?

చల్లగా ఉన్నప్పుడు బాగా నడిచి, వేడెక్కాక ఆగిపోయి, కిక్ తేలిగ్గా పడిపోతుంటే ఎగ్జాస్ట్ వాల్వ్‌ను (కాలిన వాయువులను బయటికి వదిలే వాల్వ్) అనుమానించాలి. వాల్వ్ కాడకూ, అది జారే గొట్టమైన గైడ్‌కూ మధ్య కార్బన్ పేరుకుంటే, వేడికి కాడ వ్యాకోచించగానే పట్టేస్తుంది.

ఆగిన వెంటనే టాపెట్ కవర్ తీసి, పిస్టన్‌ను కంప్రెషన్ టీడీసీకి (రెండు వాల్వ్‌లూ మూసుకుని ఉండాల్సిన పై చివరకు) తెండి. వాల్వ్ కాడ కొనకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య గ్యాప్ మామూలుకంటే బాగా ఎక్కువుంటే వాల్వ్ తెరుచుకునే ఉండిపోయినట్టు. అసలు గ్యాపే లేకపోతే అది అడ్జస్ట్‌మెంట్ లోపం కావచ్చు, సిలిండర్ హెడ్ జోలికి పోకముందే గ్యాప్ సరిచేసి చూడండి.

హెడ్ విప్పాక స్ప్రింగ్ తీసి చూస్తే, శుభ్రమైన వాల్వ్ సొంత బరువుకే గైడ్‌లో జారాలి. కాడను అద్దం మీద దొర్లించండి. వంకర ఉంటే కొత్తదే. గైడ్‌లోని కార్బన్‌ను సరైన సైజు రీమర్‌తో (రంధ్రం లోపలి గోడను గీకే పనిముట్టు) తీయండి, రీమర్‌ను వెనక్కి మాత్రం తిప్పొద్దు. ఎమరీ కాగితంతో కాడను సన్నం చేస్తే వేడి గైడ్‌లోకి సరిగా పోక వాల్వ్ కాలిపోతుంది.