మీ ప్రశ్నలు – మా జవాబులు: ఒక్క ఊరి సైగల భాష

ప్రశ్న: బాలి దీవిలో ఒకే ఊరికి పరిమితమైన సైగల భాష ఉందట. చెవుడున్నవాళ్లు అన్నిచోట్లా ఉంటారు కదా, అక్కడే ఎందుకు పుట్టింది?
– పాఠకురాలు, ఏలూరు

జవాబు: ఆ ఊరు ఉత్తర బాలిలోని బెంకాలా, భాష కాత కోలోక్. 1995లో వెలువడిన అధ్యయనం ప్రకారం 2,185 మంది జనాభాలో 47 మందికి పుట్టుచెవుడు. మయో 15ఎ అనే జన్యువులోని లోపం దీనికి కారణమని 1998లో తేలింది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ లోపమున్నవే వస్తేనే బిడ్డకు చెవుడు. ఒక్కటే వస్తే చక్కగా వినిపిస్తుంది, లోపం మాత్రం తర్వాతి తరానికి అందవచ్చు. అందుకే ఇద్దరికీ బాగా వినిపించే దంపతులకూ చెవిటి పిల్లలు పుడతారు. అలా ఏదో ఒక కుటుంబానికి కాక ఊరందరికీ సైగలు అవసరమయ్యాయి. ఈ భాష వాడేవారిలో ఎక్కువమంది వినగలిగినవాళ్లే!

ప్రశ్న: భారతీయ సంజ్ఞాభాష వచ్చినవారు అక్కడ మాట్లాడగలరా?
– పాఠకుడు, వరంగల్

జవాబు: కుదరదు. సైగలన్నీ లోకమంతా ఒకటేనన్నది అపోహ. కాత కోలోక్‌కు మన సంజ్ఞాభాషతోనే కాదు, ఇండోనేషియాలోని మిగతా సైగల భాషలతోనూ చుట్టరికం లేదు. వేళ్లతో అక్షరాలు చూపే పద్ధతి మొదట్నుంచీ లేదు. పని పూర్తయిందని చెప్పడానికి పెదవులు చప్పరించినట్టు కదిలిస్తారు. పొద్దున్న తొమ్మిదంటే, ఆ వేళకు సూర్యుడు ఆకాశంలో ఎక్కడుంటాడో అక్కడికి చెయ్యెత్తుతారు. ఎవరింటి గురించైనా చెప్పాలంటే ఆ ఇల్లు నిజంగా ఉన్న దిక్కుకే వేలు చూపిస్తారు. వీడియో తీసేవారికి చిక్కు ఇక్కడే. కెమెరా ఏ దిక్కుకు ఉందో, ఎక్కడ పెట్టారో రాసుకోకపోతే తర్వాత ఆ వేలు ఎవరింటిని చూపిందో తేల్చడం కష్టం. రికార్డు చేసేముందు దిక్సూచి చూసి ఉత్తరం గుర్తు పెట్టుకోవాలి.

ప్రశ్న: ఇప్పటి పిల్లలకూ వస్తోందా?
– పాఠకుడు, అనంతపురం

జవాబు: చెవిటి పిల్లలే తగ్గారు. బెంకాలా యువత బయటి ఊళ్ల బధిరులను పెళ్లాడుతున్నారు. ఆ జీవిత భాగస్వామి చెవుడుకు కారణం వేరే జన్యువైతే, తల్లిదండ్రులిద్దరూ బధిరులైనా పిల్లలకు వినిపిస్తుంది. పైగా బయటి బధిరుల బడులకు వెళ్లినవాళ్లు అక్కడి సైగలు ఊరికి తెస్తున్నారు. ఇప్పుడు ఈ భాషకు గట్టి పోటీ వాటినుంచే.