నగలు కుదువ పెట్టి పోటీ పుంజును కొనవచ్చా?

ప్రశ్న: మాది కడప జిల్లా. ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయుడిని. జీతం 38,000 రూపాయలు. ఇంటి ఖర్చుకూ పిల్లల ఫీజులకూ 29,000, చీటీకి 5,000 పోతాయి. బ్యాంకులో 60,000 ఉన్నాయి. రెండు నెలల్లో జరిగే చిలుకముక్కు కోళ్ల అందాల పోటీలో మొదటిసారి పాల్గొనాలని ఉంది. పిల్లగా తెచ్చి పెంచుకున్న పద్నాలుగు నెలల పుంజు ఇంట్లో ఉంది. అయితే ఇదివరకు బహుమతి గెలిచిన పుంజును ఒకాయన 1,50,000కు ఇస్తానంటున్నారు. మళ్లీ గెలిస్తే ధర రెట్టింపవుతుందనీ, దాని పిల్లలు ఒక్కొక్కటి 5,000 పలుకుతాయనీ చెబుతున్నారు. నా భార్య నగలు కుదువ పెట్టి 1,20,000 తెచ్చి, మిగిలినది పొదుపులోంచి తీయాలనుకుంటున్నాను. తీయవచ్చా?

జవాబు: పోటీకి తప్పకుండా వెళ్లండి, కానీ మీ చేతుల మీద పెరిగిన పుంజుతోనే వెళ్లండి. నగలను బీరువాలోనే ఉండనివ్వండి.

మీ ఇంటి లెక్కతో మొదలుపెడదాం. ఖర్చులూ చీటీ పోగా మీకు నెలకు మిగిలేది 4,000. బంగారం రుణానికి ఏడాదికి పది శాతం వడ్డీ అనుకున్నా 1,20,000 మీద 12,000 అవుతుంది, అంటే ఏడాదిలో మూడు నెలల మిగులు వడ్డీకే పోతుంది. ఆరు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా 1,74,000 చేతిలో ఉండవలసిన కుటుంబానికి ఇప్పుడున్నవి 60,000. అందులోంచి 30,000 తీస్తే, జీతం ఒక నెల ఆలస్యమైతే చాలు, ఇల్లు ఇబ్బందిలో పడుతుంది.

ఇక పుంజు సంగతి. చిలుకముక్కు పుంజు విలువ దాని ముక్కు వంపులో, కంటి తెలుపులో, తల ఆకృతిలో, నిలబడే తీరులో, అన్నిటికన్నా ఎక్కువగా తోకలో ఉంటుంది. ఆ తోక ఈక ఒక్కటి ప్రయాణంలో పెట్టె అంచుకు తగిలి విరిగిందనుకోండి, మళ్లీ ఈకలు రాల్చి కొత్తవి వేసుకునే కాలం వచ్చేదాకా అది విరిగిన ఈకగానే ఉంటుంది. లక్షన్నర పెట్టి కొన్న వస్తువు ధర బస్సు దిగేసరికి పడిపోవచ్చు. దీనికి తోడు ఈడు మీరిన కొద్దీ పుంజు నిగారింపు తగ్గుతుంది కాబట్టి, గెలుపు ధరను రెట్టింపు చేస్తుందన్న మాట ఒకటి రెండేళ్ల వ్యవధికే వర్తిస్తుంది.

కోడిపిల్లల అమ్మకం గురించి అమ్మే ఆయన చెప్పిన మాటలో ఒక ముఖ్యమైన విషయం మిగిలిపోయింది. పిల్లకు లక్షణాలు తండ్రి నుంచి ఎంత వస్తాయో తల్లి నుంచీ అంత వస్తాయి. ఆయన అమ్ముతున్నది పుంజును. ఆ వంశపు పెట్టలు ఆయన దగ్గరే ఉంటాయి. మీకు మంచి పెట్ట దొరికిందనే అనుకుందాం. చిలుకముక్కు కోళ్లు అసీల్ జాతివే; ఈ జాతి పెట్ట దఫాకు పది పన్నెండు గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. ఇరవై ఒక్క రోజులకు ఎనిమిది పిల్లలు లేచి, తెగుళ్లూ గద్దలూ పోగా ఐదు నిలిచాయనుకుంటే, అందులో పుంజులు రెండో మూడో. ముక్కు తీరు కుదిరి అడిగిన ధర పలికేది ఒకటి కావచ్చు. ఈ లెక్కతో 1,50,000 తిరిగి రావడానికి ఎన్నేళ్లు పడుతుందో మీరే వేసి చూడండి.

తెగులు మాట నేను పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. నా చిన్నతనంలో ఒక వేసవిలో మా పెరట్లోకి కొక్కెర తెగులు వచ్చింది. మెడలు తిరిగిపోయి, పచ్చటి విరేచనాలతో మూడు రోజుల్లో గంపలన్నీ ఖాళీ అయ్యాయి. మా నాన్న ఆ గంపలను ఎండలో బోర్లించి చాలాసేపు అలాగే నిలబడ్డారు. పోటీ అంటే ఎన్నో ఊళ్ల కోళ్లు ఒక్కచోట చేరడం. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు చూశాం కదా, వ్యాధి నిర్ధారణ అయిన చోట చుట్టూ కిలోమీటరు లోపలి కోళ్లను చంపేస్తారు. అప్పుడు ప్రభుత్వమిచ్చే పరిహారం కోడి రకాన్ని బట్టి నిర్ణయించిన రేటు ప్రకారమే ఉంటుంది, మీరు ఎంతకు కొన్నారన్నది అందులోకి రాదు.

అందువల్ల ఈ మొదటి పోటీకి 6,000 రూపాయలు కేటాయించండి, అది తిరిగి రాని ఖర్చని ముందే అనుకోండి. ప్రవేశ రుసుము, తోక మడత పడనంత పొడవైన పెట్టె, రానుపోను ప్రయాణం, మంచి మేత అన్నీ అందులోనే సర్దాలి. కొక్కెర తెగులు టీకా వేయించకపోయి ఉంటే ఈ వారమే పశువైద్యశాలలో అడిగి వేయించండి. టీకా పని చేయడానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు. రోజూ కాసేపు పుంజును పంజరంలో ఉంచి, ఇంటికి వచ్చినవాళ్ల చేత కూడా పట్టించండి. కొత్త చేతులకు బెదిరి ముడుచుకుపోయే పుంజు ఎంత అందమైనదైనా న్యాయనిర్ణేత ముందు కనబడదు.

ఒక మాట పన్ను గురించి. కోళ్ల పెంపకం ఆదాయం ఆదాయపు పన్ను చట్టం దృష్టిలో వ్యవసాయ ఆదాయం కిందికి రాదు, వ్యాపార ఆదాయమే అవుతుంది. మీ స్థాయి జీతానికి పన్ను పడకపోయినా, మున్ముందు కోడిపిల్లలను అమ్మడం మొదలుపెడితే జీతగాళ్లు వేసే ఒకటో నంబరు రిటర్న్ ఫారం మీకు సరిపోదు. ఇప్పటినుంచే ఒక పుస్తకంలో మేత, మందులు, రాకపోకల ఖర్చు తేదీలతో రాసుకోండి.

పోటీ రోజున గెలుపోటములు తేలాక న్యాయనిర్ణేతను కలిసి, మీ పుంజులో ఏది తక్కువైందో అడిగి ఆ పుస్తకంలోనే రాసుకోండి. తిరిగి వచ్చాక మూడు వారాలు దాన్ని మిగతా కోళ్లకు దూరంగా ఉంచండి. న్యాయనిర్ణేత చెప్పినదీ, అయిన ఖర్చూ నాకు రాసి పంపితే, చీటీ చేతికి వచ్చాక ఒక మంచి పెట్టకు ఎంత పెట్టవచ్చో అప్పుడు లెక్క వేద్దాం.