టీనేజి నవలలూ కష్టమైన నవలలూ కలిపి చదవవచ్చా?

టీనేజి పిల్లల కోసం రాసిన ఇంగ్లిషు నవలలు రెండు రోజుల్లో ముగిస్తున్నానని, బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' మాత్రం మూడుసార్లు మొదలుపెట్టి నలభయ్యో పుట దగ్గరే ఆగిపోయానని మీరు రాశారు. ఇరవై ఆరేళ్ళు వచ్చాక కూడా పిల్లల నవలలేమిటి, మానేయాలా అని అడిగారు. మానవద్దు. పదకొండేళ్ళుగా నేను రెండూ కలిపే చదువుతున్నాను. మీరు చెప్పిన ఆ నవలే నన్నూ చాలాకాలం గడప బయట నిలబెట్టింది కనుక కొంచెం వివరంగా రాస్తాను.

మాది రాజోలు దగ్గర, గోదావరి గట్టును ఆనుకున్న ఊరు. చదువంతా తెలుగు మీడియం. భీమవరంలో రొయ్యల మేత అమ్మే కొట్టులో లెక్కలు రాసే ఉద్యోగం దొరికాక, దిండి దాటి, చించినాడ వంతెన మీదుగా, పాలకొల్లు గుండా రోజూ బస్సులో వెళ్ళివచ్చేదాన్ని. ఇంగ్లిషు మెరుగవుతుందని, వాక్యాలు చిన్నవిగా ఉంటాయని టీనేజి నవలలు పట్టుకున్నాను. అందరూ సులువు అనే ఆ పుస్తకాల్లో పుటకు ఆరేడు మాటలు నాకు తెలిసేవి కావు. కథ చేయి పట్టుకుని లాక్కుపోయేది, భాష అడ్డం పడేది. బుచ్చిబాబు దగ్గర సరిగ్గా తలకిందులు. ఏలూరులో పుట్టిన మనిషి, ఆయన మాటల్లో నాకు కొరుకుడుపడనివి అరుదు. వాక్యాలన్నీ అర్థమయ్యేవి, పుట మాత్రం అర్థమయ్యేది కాదు. ఏదో ఒకటి జరుగుతుంది, వెంటనే నవలా నాయకుడు దయానిధి దాని గురించి ఆలోచించడం మొదలుపెడతాడు, ఆ ఆలోచన ఒక కొలిక్కి రాకముందే బస్సు పాలకొల్లులో ఆగేది, నేను పుస్తకం మూసేసేదాన్ని. కాబట్టి ఏది సులువు, ఏది కష్టం అన్నది మీరు అనుకుంటున్నంత తేటగా ఉండదు. మీరు రెండు రోజుల్లో ముగిస్తున్నది పరాయి భాషలో రాసిన నవల అని మరిచిపోతున్నారు.

2022 జూలైలో పెద్ద వరద వచ్చింది. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక జారీ చేశారన్న కబురు వినగానే బియ్యం, గ్యాసు బండ, పరుపులు మా అక్కవాళ్ళ మేడమీదికి చేర్చాం. నాలుగు రోజులు అక్కడే. కరెంటు లేదు, కింద వీధిలో నీళ్ళు. నా సంచిలో రెండే పుస్తకాలు, ఒకటి 'చివరకు మిగిలేది', రెండోది ఎస్.ఇ. హింటన్ రాసిన టీనేజి నవల 'ది అవుట్‌సైడర్స్'. అక్క కూతురు అప్పుడు తొమ్మిదో తరగతి. ఈ రచయిత్రి పదిహేనేళ్ళకే రాయడం మొదలుపెట్టిందని, 1967లో పుస్తకం అచ్చయ్యేనాటికి ఆమెకు పద్దెనిమిదేళ్ళని చెబితే, అయితే నాకు చదివి వినిపించమంది. ఒక పేరా ఇంగ్లిషులో చదవడం, దాన్ని తెలుగులో చెప్పడం, అలా సాగింది. అమ్మానాన్నా చనిపోయి అన్నల దగ్గర పెరుగుతున్న పద్నాలుగేళ్ళ కుర్రాడు పోనీబాయ్. పెంచుకున్న జుట్టు చూసి, ఉంటున్న పేట చూసి, డబ్బున్న పిల్లలు అతన్ని రౌడీ కింద జమకట్టేస్తారు.

రెండో రోజు మధ్యాహ్నం అది అడిగింది, "ఇదంతా ఈ అబ్బాయి ఎవరికి చెబుతున్నాడు పిన్నీ?"

నాకు జవాబు తెలియలేదు. అప్పటికి ఆ నవల ఒకసారి చదివేశాను కూడా. చివరి పుట చెప్పేస్తున్నందుకు మన్నించండి, ఇది చెప్పకపోతే మిగతాది చెప్పలేను. ఆ పుటలో పోనీబాయ్ బళ్ళో ఇంగ్లిషు మాస్టారికి ఇవ్వవలసిన వ్యాసం రాయడానికి కూర్చుంటాడు. ఆ వ్యాసం మొదటి వాక్యమే నవల మొదటి వాక్యం. మనం ఇంతసేపూ చదివింది ఆ వ్యాసమే. మొదటిసారి కథ వేగంలో పడి దాన్ని గమనించకుండా దాటిపోయాను. అక్క కూతురు నా చేతిలోంచి పుస్తకం లాక్కుని మొదటి పుట, చివరి పుట పక్కపక్కన పెట్టుకుని చూసింది.

ఆ రాత్రి టార్చి వెలుగులో అదే ప్రశ్న పట్టుకుని బుచ్చిబాబు దగ్గరికి వెళ్ళాను. దయానిధి కథను దయానిధి చెప్పడం లేదు, అయినా కథకుడు దాదాపు అతని కళ్ళతోనే చూస్తాడు. అతని జీవితంలోకి వచ్చే స్త్రీలు కోమలి, అమృతం ఎందుకు ఇలా మంచులో నిలబడినట్టు ఉంటారు, వీళ్ళ మనసులో ఏముందో ఎందుకు చెప్పడు అని అంతకుముందు నాకు కోపం వచ్చేది. ఆ మంచు అతని చూపులో ఉంది. తల్లి గురించి లోకం అన్న మాటలు మోస్తూ పెరిగినవాడు ఏ స్త్రీని మాత్రం తేటగా చూడగలడు? తను ఏమీ చేయకముందే లోకం ముద్ర వేసేసిన కుర్రాడు అతను కూడా. పగలు అక్క కూతురికి చదివి వినిపించిన కుర్రాడి పక్కన అతన్ని కూర్చోబెట్టుకుని చదివాను. పోనీబాయ్ దెబ్బ ఇంకా పచ్చిగా ఉండగానే చెబుతున్నాడు. అలాంటి దెబ్బ ఒక మనిషి ప్రేమల్లోకి, వృత్తిలోకి, ఏళ్ళ తరబడి ఎలా పాకుతుందో బుచ్చిబాబు చూపించాడు. ఆ ఆలోచనల పుటలు ఎందుకు అంత పొడుగో అప్పుడు నాకు తెలిసింది.

బరువైన పుస్తకం పది పుటలు చదివితే బహుమతిగా తేలిక పుస్తకం ఒక అధ్యాయం అని కొందరు చెబుతారు. నేనూ ఒక ఏడాది అలా చేశాను. మొదటిది మందులాగా, రెండోది మిఠాయిలాగా తయారై రెండింటిమీదా గౌరవం పోయింది. రెంటికీ ఉమ్మడిగా ఉన్న బాధ ఏమిటో చూసి జత కట్టడం మంచిదని నా నమ్మకం. ఉదాహరణకు, బయట చెప్పుకోలేని దిగుళ్ళతో సతమతమయ్యే టీనేజి నాయకుడు ఎవరైనా మీకు నచ్చి ఉంటే, ఆ వెంటనే 1969లో వచ్చిన నవీన్ 'అంపశయ్య' తీయండి. రవి అనే విశ్వవిద్యాలయ విద్యార్థి మనసులో ఒక్క రోజు నడిచే నవల అది. నేను బస్సులోనే చదివాను, చాలా బాగా కుదిరింది. అతని ఆలోచన ఎక్కడ తెగినా నా స్టాపు ఎక్కడ వచ్చినా ఇబ్బంది లేదు. టీనేజి నవలకు మాత్రం ఒక ఆదివారం మధ్యాహ్నం మొత్తం ఇవ్వండి, దాన్ని ముక్కలు చేస్తే ఊపు పోతుంది.

ఇంకొక్క మాట. నాలుగోసారి 'చివరకు మిగిలేది' తీసినప్పుడు దయచేసి మొదటి పుట నుంచి మొదలుపెట్టకండి, నలభయ్యో పుట నుంచే చదవండి. మరిచిపోయిన పేర్లు నాలుగైదు పుటల్లో వాటంతట అవే గుర్తొస్తాయి. నా ప్రతిలో మొదటి యాభై పుటల అంచులు వేళ్ళ మరకలతో నల్లబడి ఉంటాయి. అక్కడి నుంచి అట్టదాకా కాగితం తెల్లగా ఉంటుంది, మేడమీద తేమకు కొంచెం ఉబ్బి ఉంటుంది, అంతే.