అమ్మే ఇంటికి డ్రోన్ ఫొటోలు: యజమాని ఒప్పుకుంటే సరిపోతుందా?

మీరు అడిగినవి మూడు. అమ్మకానికి పెట్టిన ఇంటిని డ్రోన్‌తో తీయడానికి యజమాని అనుమతి సరిపోతుందా? చిన్న డ్రోన్‌కు కూడా సర్టిఫికెట్ కావాలా? పక్కింటివాళ్లు అభ్యంతరం చెబితే ఏం చేయాలి? ఏజెంట్లకు, బిల్డర్లకు డ్రోన్ షూట్లు చేయడమే నా పని కాబట్టి నాకు తెలిసినంత వివరంగా చెబుతాను.

యజమాని అనుమతి చాలదు. ఆయన స్థలంలో నిలబడి డ్రోన్ లేపడానికి, దించడానికి, ఆయన ఇంటిని తీయడానికి మాత్రమే ఆయన ఒప్పుకోగలరు. గాలిలో ఎగరడానికి నిబంధనలు పెట్టేది ఆ దేశపు విమానయాన సంస్థ. ఇక ఫ్రేమ్‌లో పడే పక్కింటి పెరడు సంగతి పక్కింటివాళ్లే చెప్పాలి. విమానయాన అనుమతుల పని కాగితాలతో తేలిపోతుంది. పక్కింటి వ్యవహారం అలా తేలదు.

ముందు కాగితాలు. అమెరికాలో విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ చూసేది డ్రోన్ ఎందుకు ఎగరేస్తున్నారన్నది. ఇల్లు అమ్మడానికి తీసే ఫొటో, డబ్బు చేతులు మారకపోయినా, సరదా కిందకు రాదు. ఏజెంట్ తన లిస్టింగ్‌కు తానే తీసుకున్నా పార్ట్ 107 సర్టిఫికెట్ (సరదాకు కాని పనులకు ఎఫ్‌ఏఏ ఇచ్చే డ్రోన్ పైలట్ సర్టిఫికెట్) ఉండాలి, డ్రోన్ 250 గ్రాముల లోపు ఉన్నా రిజిస్టర్ చేయాలి. భారత్‌లో 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల వరకు నానో డ్రోన్, దానికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అది దాటి 2 కిలోల వరకు ఉండే మైక్రో డ్రోన్‌ను వ్యాపారానికి వాడితే సర్టిఫికెట్ కావాలి, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కూడా ఉండాలి. యూరోపియన్ యూనియన్‌లో 250 గ్రాముల లోపు డ్రోన్‌కు కూడా, అది పిల్లల బొమ్మ కాకుండా కెమెరా ఉన్నదైతే, ఎగరేసేవాళ్లు ఆపరేటర్‌గా నమోదు కావాలి. నాకు ఈ పద్ధతే సరైనదనిపిస్తుంది. ఇంటి ఫొటోల పనిలో జనం భయపడేది డ్రోన్ బరువు చూసి కాదు, దాని కెమెరా చూసి.

ఎత్తు పరిమితి చాలా చోట్ల 400 అడుగులు, అంటే దాదాపు 120 మీటర్లు. భారత్‌లో ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైట్ డిజిటల్ స్కై మ్యాప్‌లో గ్రీన్ (ముందస్తు అనుమతి అక్కర్లేదు), ఎల్లో (అనుమతి తీసుకుని ఎగరాలి), రెడ్ (కేంద్రం ఒప్పుకుంటేనే ఎగరాలి) జోన్లు కనిపిస్తాయి. రాష్ట్ర ప్రభుత్వం ఏ ప్రాంతాన్నయినా 96 గంటల దాకా తాత్కాలిక రెడ్ జోన్‌గా ప్రకటించవచ్చు. అందుకే బుకింగ్ రోజు చూసిన మ్యాప్‌ను నమ్మొద్దు. షూట్ రోజు పొద్దున మళ్లీ చూడండి. బయటి పైలట్‌ను పిలుస్తుంటే సర్టిఫికెట్, డ్రోన్ రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కాపీలు ముందే తెప్పించుకోండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు, సరైన పైలట్ దగ్గర అవి ఫోన్‌లోనే ఉంటాయి.

'మా స్థలం మీదే కదా ఎగిరేది' అనే మాట మీద ఒక పాత కేసు చెప్పాలి. అమెరికాలో ఒక కోళ్ల ఫారం మీదుగా సైనిక విమానాలు 83 అడుగుల ఎత్తున వెళ్లేవి. ఆ చప్పుడుకు బెదిరి కోళ్లు చచ్చిపోయాయి, ఫారం మూతపడింది. 1946లో ఆ దేశ సుప్రీంకోర్టు రెండు మాటలు చెప్పింది. భూమి ఉన్నంత మాత్రాన ఆకాశమంతా యజమానిది కాదు. అలాగని నేలకు దగ్గరగా, ఆ భూమిని వాడుకోవడానికి అవసరమైన గాలి మీద అతనికి హక్కు లేకుండా పోదు. ఆ గీత సరిగ్గా ఎన్ని అడుగుల దగ్గర ఉందో కోర్టు తేల్చలేదు. డ్రోన్లు ఎగిరేది సరిగ్గా ఆ తేలని ఎత్తులోనే. కాబట్టి పక్క స్థలం మీదుగా తక్కువ ఎత్తులో వెళ్లే హక్కు మీకు ఉందనుకోకండి. నేనైతే డ్రోన్‌ను తీసే స్థలం మీదో, వీలైతే వీధి వైపు ఖాళీగా ఉన్నచోటో ఉంచుతాను.

ఇక ప్రైవసీ. ఎగరడానికి అన్ని అనుమతులూ ఉన్నా, తీసిన బొమ్మ వేరే చట్టం కిందకు రావచ్చు. భారత సుప్రీంకోర్టు 2017లో గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. ఒక స్త్రీ తనను ఎవరూ చూడరనుకునే చోట ఏకాంతంలో ఉన్నప్పుడు చాటుగా తీయడం నేరమని భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ చెబుతుంది. యూరప్‌లో మనిషిని గుర్తుపట్టగలిగే బొమ్మ అక్కడి డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ కింద వ్యక్తిగత డేటా. టెక్సాస్ డ్రోన్ చట్టం రియల్ ఎస్టేట్ మార్కెటింగ్‌కు మినహాయింపు ఇచ్చింది కానీ, బొమ్మలో ఏ మనిషినీ గుర్తుపట్టేలా ఉండకూడదని షరతు పెట్టింది. మీరు ఎక్కడ పని చేసినా ఆ షరతును మీ సొంత నియమంగా పెట్టుకోమంటాను.

దాన్ని పాటించడం చాలావరకు కెమెరా ఎక్కడ పెడతామన్నదాని మీద ఆధారపడుతుంది. డ్రోన్ల మామూలు 24 ఎంఎం లెన్స్‌తో 30 మీటర్ల దూరం నుంచి 4కే వీడియో తీస్తే ఫ్రేమ్ వెడల్పులో దాదాపు 45 మీటర్లు పడుతుంది. అందులో ఒక మనిషి ముఖానికి వచ్చేది 14 పిక్సెళ్ల వరకే. తెలియనివాళ్లు ఆ ముఖాన్ని పోల్చుకోలేరు. అదే చోటి నుంచి 70 ఎంఎం జూమ్ లెన్స్ వాడితే 40 పిక్సెళ్లు దాటుతుంది, అప్పుడు కథ మారిపోతుంది. జూమ్ ఉన్న డ్రోన్‌తో పక్కిళ్ల మధ్య పని చేసేటప్పుడు నేను ఆ లెన్స్ ముట్టను. ఇంటి వివరాలు కావాలంటే నేల మీద నిలబడి మామూలు కెమెరాతో తీస్తాను.

ఎత్తు సంగతి కూడా చాలామంది తిరగేసి ఆలోచిస్తారు. ఎక్కువ ఎత్తుకు వెళ్తే ఎక్కువమంది పడతారని, తక్కువ ఎత్తు మేలని అనుకుంటారు. నిజానికి పక్కింటి కిటికీల్లోకి, బాల్కనీల్లోకి చూపు దూరేది రెండో అంతస్తు ఎత్తున అడ్డంగా తీసినప్పుడే. పైకి వెళ్లి కెమెరాను కిందకు వంచితే కప్పులు కనిపిస్తాయి, గదులు కనిపించవు. డ్రోన్ తిరిగే దారిని కూడా అలాగే ఆలోచించండి. ఇంటి చుట్టూ గుండ్రంగా తిరిగే షాట్ అందరూ అడుగుతారు, కానీ అందులో నాలుగు వైపుల ఇళ్లూ బ్యాక్‌గ్రౌండ్‌లోకి వస్తాయి. వీధి వైపు నుంచి అర్ధచంద్రాకారంగా తీస్తే కొనేవాళ్లకు అంతే సమాచారం అందుతుంది.

పక్కింటివాళ్లతో ముందే మాట్లాడటం దీనికన్నా ముఖ్యం. ఏ చట్టం అడగకపోయినా నేను అడుగుతాను. ముందు రోజు ఏజెంట్ వెళ్లి ఎన్ని గంటలకు, ఎంతసేపు, ఏ ఇల్లు తీస్తున్నామో చెబితే చాలు. ఒక షూట్‌లో ఒక పెద్దావిడ గేటు దగ్గరకు వచ్చి, 'బాబూ, మా కోడలు పైన బట్టలు ఆరేస్తోంది, ఆ పిల్ల పడుతుందా అందులో?' అని అడిగారు. డ్రోన్‌ను దించి, కంట్రోలర్ స్క్రీన్ ఆవిడ చేతికిచ్చి తీసినదంతా చూపించాను. వాళ్ల మేడ ఒక మూల కనిపించింది, అక్కడ మనుషులు లేరు. అయినా కోడలు కిందకు వచ్చేదాకా ఆగి మళ్లీ మొదలుపెట్టాం. ఆవిడకు కావాల్సింది చట్టం గురించి వివరణ కాదు, ఆ స్క్రీన్ చూడటం. అభ్యంతరం చెప్పేవాళ్లలో ఎక్కువమందికి కావాల్సింది అదే అని నా నమ్మకం. చూపించాక కూడా వద్దంటే ఆ కోణం వదిలేయండి. ఒక్క ఫొటో లేనందువల్ల ఇల్లు అమ్ముడుపోకుండా ఆగదు.

ఎడిటింగ్‌లో మనుషులు, వాహనాల నంబర్ ప్లేట్లు, పక్కింటి పెరట్లోని పిల్లల ఆట సామాన్లు బ్లర్ చేయండి. డ్రోన్ ఫొటోల్లో జీపీఎస్ వివరాలు ఉండిపోతాయి, బయట పెట్టే కాపీలో అవి తీసేయండి.

బ్లర్ చేయడం వేరు, చెరిపేయడం వేరు. ఒక బిల్డర్ తన లేఅవుట్ మీదుగా పోయే హైటెన్షన్ తీగలను వీడియోలో లేకుండా చేయమన్నారు. నేను ఒప్పుకోలేదు. కొనేవాళ్లు ఆ వీడియో చూసి జీవితకాలపు పొదుపు పెడతారు. వాళ్లు ఎలాగూ చూడబోయే తీగలను దాచడం మోసమే. భారత్‌లో అయితే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) 12వ సెక్షన్ ప్రకారం తప్పుడు ప్రకటన నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవారికి ప్రమోటర్, అంటే ప్రాజెక్టు వేసిన బిల్డర్, పరిహారం ఇవ్వాలి. ప్లాట్ల చుట్టూ గీసే హద్దు గీతలకూ ఇదే జాగ్రత్త కావాలి. సర్వే నక్షా చూడకుండా అంచనాగా గీత గీస్తే పక్కవాడి అడుగు నేల మీ ప్రకటనలోకి వచ్చేస్తుంది.

అభ్యంతరం ఫొటోలు పెట్టేశాక వస్తే? వాదించకుండా ముందు ఆ ఫొటోను ప్రకటనలోంచి తీసేయండి, తర్వాత మాట్లాడండి. దానికి వీలుండాలంటే పైలట్‌తో రాసుకునే ఒప్పందంలోనే ఒక వాక్యం ఉండాలి: ఫలానా గడువులో ఫొటోను మార్చి ఇవ్వాలి, ఇల్లు అమ్ముడయ్యాక పక్కిళ్లు కనిపించే ఒరిజినల్ ఫైళ్లను ఇద్దరూ తొలగించాలి అని. ఫ్లైట్ లాగ్‌ను మాత్రం దాచుకోండి. డ్రోన్ ఏ ఎత్తులో, ఎక్కడ, ఎంతసేపు ఉందో అందులో ఉంటుంది. 'మా కిటికీ ముందు ఆగింది' అని ఎవరైనా ఫిర్యాదు చేస్తే, చూపించడానికి అంతకన్నా గట్టి ఆధారం మీ దగ్గర ఉండదు.