రెండు కుక్కలతో కొండెక్కబోతున్న అమ్మాయికి

తల్లీ,

వచ్చే నెల రెండు కుక్కల్నీ తీసుకుని పెద్ద కొండ ఎక్కుతున్నానని నువ్వు చెప్పినప్పటి నుంచి నా మనసు అక్కడే తిరుగుతోంది. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతాయి, అందుకని రాస్తున్నాను. వెళ్ళొద్దని చెప్పడానికి కాదు. ముప్పై ఏళ్ళు కుక్కలతోనే కొండలు తిరిగినవాణ్ణి, ఆ తోడు ఎంత బాగుంటుందో నాకు తెలుసు. ఎండ కాస్తున్నంతసేపు నువ్వు నా దగ్గర నేర్చుకోవలసింది పెద్దగా లేదు. వాన, గాలి, మంచు దిగినప్పటి సంగతే చెబుతాను.

మనిషికి చలేస్తే చెబుతాడు. ఓపిక అయిపోతే ఇక నా వల్ల కాదని కూలబడతాడు. కుక్క చెప్పదమ్మా. నువ్వు అడుగు వేస్తున్నంతసేపు అదీ వేస్తుంది, పడిపోయేదాకా వేస్తుంది. అందుకే వెనక్కి తిరగాలన్న నిర్ణయం మొత్తం నీ మీదే ఉంటుంది. పైన గాలిలో నిలబడి, శిఖరం కళ్ళ ముందు కనబడుతుంటే ఆ నిర్ణయం సరిగ్గా రాదు. ఇంట్లో కూర్చున్నప్పుడే తీసుకో. ఎన్ని గంటలకు ఎక్కడున్నా సరే దిగిపోతావో కాగితం మీద రాసి జేబులో పెట్టుకో. పెద్దదానికి తొమ్మిదేళ్ళు కదా, నడక వేగం దానిదే. అది దిగాలంటే చిన్నది ఎంత హుషారుగా ఉన్నా ముగ్గురూ దిగాలి.

నా కుక్క నల్లోడి సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. ఒకసారి కొండ అంచు మీద మంచుతో కలిసిన వాన పట్టుకుంది. గంటన్నర వణుకుతూనే నడిచాడు వాడు. తర్వాత వణుకు ఆగింది. చలికి అలవాటు పడ్డాడులే అనుకుని ముందుకే నడిచాను. కాసేపటికి వెనక కాళ్ళు తడబడ్డాయి, పిలిస్తే నా వైపు చూశాడు గానీ ఆ చూపు నా మీద నిలవలేదు. అప్పుడు వాడి జాకెట్ కింద చెయ్యి పెట్టి చూశాను. పొట్ట దగ్గర బొచ్చు పిండితే నీళ్ళు కారేలా ఉంది, లోపలి చర్మం చల్లగా తగిలింది. చెట్లు మొదలయ్యే చోటికి వాణ్ణి ఎత్తుకుని దిగి, టెంట్ వేసి, తడి జాకెట్ తీసేసి, నా పొడి చొక్కాతో ఒళ్ళంతా అద్దాను. కింద మ్యాట్ పరిచి, వాణ్ణి నాతో పాటు స్లీపింగ్ బ్యాగ్‌లోకి లాక్కున్నాను. వేడినీళ్ళ సీసాకి బట్ట చుట్టి ఛాతీకి ఆనించాను. చాలాసేపటికి మళ్ళీ వణకడం మొదలుపెట్టాడు. ఆ వణుకు నా చేతికి తగిలినప్పుడు ఏడుపొచ్చింది.

కుక్క వణుకుతోందంటే ఒళ్ళు ఇంకా చలితో పోరాడుతోందని అర్థం. ఒళ్ళు ఆరకుండా, వెచ్చబడకుండా వణుకు ఆగిందంటే అది ప్రమాదం. కుక్క ఒంటి వేడి మామూలుగా 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. 37 కంటే కిందికి పోయిందంటే కంగారు పడాల్సిందే. థర్మామీటర్ మలద్వారంలో పెట్టి చూడాలి, ఎలాగో పశువుల డాక్టర్‌ని అడిగి ఇప్పుడే నేర్చుకో. కొండ మీద మాత్రం ప్రతి అరగంటకీ జాకెట్ కింద చెయ్యి పెట్టి చూడు, చెవుల కొసలు పట్టుకుని చూడు. వెచ్చబెట్టేటప్పుడు ఛాతీని, పొట్టని వెచ్చబెట్టాలి. చెవులో తోకో గడ్డకట్టినట్టుంటే గట్టిగా రుద్దకు, చర్మం దెబ్బతింటుంది.

పైకి వెళ్ళేకొద్దీ ప్రతి 1,000 మీటర్లకి సగటున 6.5 డిగ్రీల చొప్పున చలి పెరుగుతుంది. దానికి గాలి, తడి తోడైతే ఇంకా ఘోరం. చిన్నదానికి బొచ్చు పొట్టి, ఒంట్లో కొవ్వు లేదు. దానికి వీపు మీద కప్పితే చాలదు, పొట్ట కిందదాకా వచ్చే వాన జాకెట్ కావాలి. రాత్రి రెండూ టెంట్ లోపలే పడుకోవాలి, కింద మ్యాట్ తప్పకుండా ఉండాలి. పైన ఎంత కప్పినా కింది నేల వేడిని లాగేస్తుంది.

మెత్తటి మంచులో నడిచేటప్పుడు కాలివేళ్ళ మధ్య వెంట్రుకలకి మంచు పట్టి గోలీల్లా గట్టిపడుతుంది. కుక్క ఆగి పాదం కొరుక్కుంటుంటే ఇదే సంగతి. లాగి పీకకు, వెంట్రుకలతో పాటు చర్మం కూడా ఊడుతుంది. గ్లోవ్ తీసి ఆ పాదాన్ని అరచేతిలో పట్టుకో, నోటితో ఊదు, నెమ్మదిగా కరుగుతుంది. బయలుదేరే ముందు వేళ్ళ మధ్య వాజ్‌లైన్ రాస్తే చాలావరకు పట్టదు. రాళ్ళ మీద నడవడానికి బూట్లు కొంటే ఇంట్లో రెండు వారాలు వేసి అలవాటు చెయ్యి. కొండ మీదే మొదటిసారి వేస్తే పది అడుగుల్లో విదిలించుకుంటాయి.

పొగమంచు దిగిందంటే వెంటనే లీష్ వేసెయ్యి. గాలిలో నీ పిలుపు వాటిదాకా చేరదు, ఉరుముకి బెదిరి పరిగెత్తిన కుక్కని ఆ తెల్లటి మబ్బులో వెతకలేవు. లీష్ మెడపట్టీకి కాదు, ఛాతీ చుట్టూ వేసే పట్టీకి, అదే హార్నెస్‌కి తగిలించు. నిటారుగా దిగే చోట, వాగు దాటే చోట దాన్ని నడుముకి కట్టుకోవద్దు, ఒక్క లాగుకి నువ్వూ పోతావు. వాగు మాట వచ్చింది కాబట్టి ఇదీ చెబుతాను, పొద్దున మోకాలి లోతున దాటిన వాగు వాన తర్వాత అలాగే ఉండదు.

ఎత్తైన కొండల మీద ఉరుముల మబ్బులు ఎక్కువగా మధ్యాహ్నం దాటాకే కమ్ముతాయి. తెల్లవారకముందే బయలుదేరి మధ్యాహ్నానికల్లా అంచు దిగేసి ఉండు. మెరుపు కనబడ్డాక ఉరుము వినబడేదాకా లెక్కపెట్టు, మూడు సెకన్లకి ఒక కిలోమీటరు. ముప్పై లోపే వినబడితే పిడుగు నీకు దగ్గరే ఉన్నట్టు, అంచు మీద ఉండకూడదు, ఒంటరి చెట్టు కిందా నిలబడకూడదు. ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగాకే మళ్ళీ పైకి కదులు.

తిండి విషయం నీకు తెలుసు కాబట్టి కొద్దిగానే. నడక ముందు కడుపు నిండా పెట్టకు, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టు. మంచు తింటున్నాయి కదా అని నీళ్ళు తగ్గించకు, మంచు కరిగించడానికి వాటి ఒంటి వేడే ఖర్చవుతుంది. నీ సంచిలోని చాక్లెట్, ఎండు ద్రాక్ష కుక్కలకి విషం. జాలిపడి ఒక ముక్క కూడా పెట్టొద్దు. నీ నొప్పి మాత్రలూ అంతే. ఐబుప్రోఫెన్ వాటి కడుపుని, కిడ్నీలని దెబ్బతీస్తుంది.

2,500 మీటర్లు దాటాక మనకి తల తిరిగినట్టే వాటికీ ఎత్తు పడకపోవచ్చు. తిండి మానేసినా, వాంతి చేసుకున్నా, దగ్గినా, చిగుళ్ళు పాలిపోయినా ఇంకో రాత్రి చూద్దామనుకోకు. కిందికి దిగడమే మందు.

ఇంకొక్కటి. పెద్దది 26 కిలోలుందన్నావు. దానికి కాలు బెణికితే మోసుకుని దిగాల్సింది నువ్వే. కుక్కల్ని వీపున మోసే పట్టీ ఒకటి కొని, ఈ వారం నుంచే దాన్ని ఎత్తుకుని మేడ మెట్లు దిగు. ఎన్ని మెట్లు దిగగలవో నీకు తెలుస్తుంది, ఎత్తుకుంటే కదలకుండా ఉండడం దానికి అలవాటవుతుంది. మొదటి రోజు గింజుకుంటుంది, కోప్పడకు. చిన్నదాని వేళ్ళ మధ్య వెంట్రుకలు కూడా ఈ వారమే కత్తిరించు. కత్తెర కొస మొండిగా ఉండాలి. బయలుదేరే ముందురోజు నాకు ఫోన్ చేసి, ఆ కాగితం మీద ఏ టైం రాశావో చదివి వినిపించు.

మీ పెదనాన్న